మందార పూల సంచితో దర్శి దాకా

దర్శి బస్టాండు బయట, ఎండలు ముదిరే రోజుల్లో అయిదు రోజుల పాటు ఒక చలివేంద్రం నడుస్తుంది. చలివేంద్రాలు మన జిల్లాల్లో ఊరూరా ఉంటాయి. తాటాకు పందిరి, ఇసుక మీద రెండు కుండలు, గొలుసు కట్టిన గ్లాసు, పైన చనిపోయిన వారి పేరుతో ఒక బోర్డు. నేను చెప్పేదానికి బోర్డు లేదు. అక్కడ పోసేవి మామూలు నీళ్ళు కూడా కావు. ఎండిన మందార రేకుల్ని వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టి, చల్లారాక పటికబెల్లం, నిమ్మరసం కలిపి, ఐసు వేసిన ఎర్రటి పానీయం. అందులో టీ పొడి లేకపోయినా, చేసిన మనిషి దాన్ని మందార టీ అనేది. ఊళ్ళో వాళ్ళు ఎర్రనీళ్ళు అంటారు.

చేసిన మనిషి నా భార్య భారతి. ఆరు వేసవులు చేసింది. పోయిన కార్తీకంలో చనిపోయింది.

నేను తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఆ ఆరు వేసవులూ ఆమెతో పాటు దర్శిలో ఆమె పుట్టింటికి వెళ్ళాను. వెళ్ళి వసారాలో కూర్చుని చదువుకున్నాను. ఆమె నన్ను ఏ పనీ అడగలేదు, నేనూ చేస్తానని అనలేదు.

2002 మార్చిలో భారతి తమ్ముడు వెంకటేశ్వర్లు దర్శి నుంచి ఫోన్ చేశాడు. మిరప, పత్తి పండించే రైతు. ఫోన్‌లో కూడా పొలం అవతల ఉన్న మనిషిని పిలిచినట్టే మాట్లాడతాడు.

"బావా, ఈ ఏడు అక్క చలివేంద్రం సంగతేంది? పందిరి నేనేస్తా, ఐసు నేను తెప్పిస్తా. పూల గొడవ మాత్రం నావల్ల గాదు. నారింజ పొడి ప్యాకెట్లు దొరుకుతున్నాయి, నీళ్ళలో కలిపితే సరి. అవి పోద్దామా?"

"వద్దు. పూలు నేను తెస్తాను. నేనే కలుపుతాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు. "సరే, రా. కానీ బావా, ఒక్కమాట. ఈ ఏడు ప్యాకెట్లు పోశామంటే ఇంక ప్రతి ఏడూ ప్యాకెట్లే. సులువు మరిగాక ఎవరూ ఎనక్కి పోరు."

ఆ మాట నిజం. ఫోన్ పెట్టేశాక, ఎన్ని పూలకు ఎన్ని నీళ్ళో నాకు తెలియదని గుర్తొచ్చింది. భారతి ఎక్కడా రాసిపెట్టలేదు. ఇల్లంతా వెతికాను. నేను దిద్దిన పుస్తకాలు నాలుగు బీరువాల నిండా ఉన్నాయి. ఆమె పానీయం గురించి ఒక్క కాగితం కూడా లేదు.

అమరావతి

తెనాలిలో ఇంటింటా మందార చెట్టుంది కానీ, ఇంటికి రోజుకు పది పూలు. అయిదు రోజులు ఒక బస్టాండుకు పోయాలంటే పెద్ద సంచి నిండా ఎండు రేకులు కావాలి. దర్శిలో బోరు నీళ్ళు ఉప్పన, మందార మొక్క బతకదు. అందుకని భారతి అమరావతిలో అనసూయమ్మ గారిని పట్టుకుంది. ఆమెకు కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో నలభై మందార చెట్లున్న పెరడు ఉంది. తెల్లవారుజామున కోసిన పూలు గుడికి వెళ్తాయి. తరువాత విచ్చినవి మధ్యాహ్నానికి కోసి, మొదలూ మధ్యలో కాడా తీసేసి, రేకుల్ని నీడన పాత పంచెల మీద ఆరబెడుతుంది. మాఘమాసం నుంచి పోగు చేస్తే ఏప్రిల్‌కు ఒక సంచి అవుతుంది.

ఏప్రిల్‌లో నేను వెళ్ళేసరికి ఆమె పెరట్లోనే ఉంది. డెబ్భై దాటిన మనిషి. నా వెనక వీధిలోకి చూసింది.

"అమ్మాయేదీ? గుడికి వెళ్ళిందా?"

ఎలా చెప్పాలో బస్సులో మూడు రకాలుగా అనుకున్నాను. అవేవీ నోటికి రాలేదు.

"భారతి లేదండీ. కార్తీకంలో పోయింది."

ఆమె చేతిలో పూలసజ్జ కింద పెట్టింది. ఏమైందని అడిగింది. కిడ్నీలు అని చెప్పాను.

"నాకు కబురన్నా పెట్టలేదే నాయనా."

"పెట్టలేదండీ. తప్పే."

ఆమె లోపలికి వెళ్ళి సంచి తెచ్చింది. మూతి విప్పి చూపించింది. రేకులు ఎండి, నేరేడుపండు తొక్క రంగుకు తిరిగి ఉన్నాయి.

"ఈ ఏడు పూత బాగుంది. దానికి చూపిద్దామని పెద్ద రేకులన్నీ ఏరి పైన పెట్టాను" అంది.

నేను సంచి మూతి మళ్ళీ కట్టాను. కాళ్ళు కడుక్కోమని చెప్పి విస్తరి వేసింది. గుమ్మడికాయ పులుసు, మినపవడియాలు, పెరుగన్నంలోకి మామిడిపండు. మా తెనాలి వైపు మామిడిపండు భోజనం అయ్యాక తింటాం. అక్కడ పెరుగన్నం మధ్యలోనే పిండుకున్నారు. అదే బాగుంది.

తినేటప్పుడు అడిగింది, "నీకు చేతనవునా ఇది కలపడం?"

"కాదండీ."

"మరెందుకు తీసుకెళ్తున్నావు?"

"నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా! అన్నం వార్చడమన్నా వచ్చా?"

"ఈ మధ్యే వచ్చింది."

ఆమె నవ్వింది. తనకు తెలిసినంత చెప్పింది. రేకును వేళ్ళ మధ్య నలిపితే కాగితంలా విరగాలి. వంగిందంటే తడి ఉన్నట్టు, బూజు పడుతుంది. ముద్ద మందార పనికిరాదు, జిగురెక్కువ. ఒంటిరేకు మందారే మంచిది. నీళ్ళలో పడ్డ తరువాత సంగతి మాత్రం తనకు తెలియదంది. "అది ఆ అమ్మాయికే తెలుసు."

సాయంత్రం స్తూపం చూడటానికి వెళ్ళాను. చెక్కడాల్లో ఎక్కువ భాగం ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. మిగిలిన గుండ్రటి దిబ్బ మీద గడ్డి ఎండి ఉంది. నాకు ఆ దిబ్బ బాగుంది. అక్కడ కూర్చుని, భారతి ఈ పని ఎలా మొదలుపెట్టిందో గుర్తుచేసుకున్నాను. ఏదో వారపత్రికలో కింద ఖాళీ నింపడానికి వేసిన నాలుగు లైన్లు చదివింది. ఎండ ఎక్కువున్న దేశాల్లో పూలు ఎండబెట్టి టీ కాచి చల్లగా తాగుతారని. అది మన మందార కాదు, గోంగూరకు దగ్గరి చెట్టు పువ్వట. మన మందారతో ఎందుకు కాకూడదని మొదలుపెట్టింది. చుట్టాలు ఎగతాళి చేశారు. "తలకి రుద్దుకునేది తాగిస్తావా?" అన్నారు. మొదటి ఏడు బంకగా వచ్చింది. రెండో ఏడు చేదుగా వచ్చింది. మూడో ఏడు కుదిరింది. మూడేళ్ళు ఒక పానీయం కోసం కూర్చున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పుడు ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

గుంటూరు

గుంటూరు బస్టాండులో సంచి బస్సు పై నుంచి దించుతుంటే కుట్టు విడిపోయింది. నా కండువా కట్టి ఎలాగో ఆపి, ఆటోలో బాషా దగ్గరికి వెళ్ళాను. బాషా నా చిన్ననాటి స్నేహితుడు, మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. భారతి పోయినప్పుడు మూడు రోజులు నాతోనే ఉన్నాడు.

ఆ రోడ్డులో అడుగు పెట్టగానే కళ్ళు మండుతాయి. హమాలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని బస్తాలు మోస్తున్నారు. కొత్తవాళ్ళు పది అడుగులు వెయ్యలేరు. బాషా మాత్రం ముప్ఫై ఏళ్ళుగా అదే గాలి పీలుస్తూ, జలుబు చేస్తే తప్ప తుమ్మడు.

"ఏరా సుబ్బారావ్, ఏంట్రా ఇలా చిక్కిపోయావు? తింటున్నావా, పుస్తకాలే నములుతున్నావా?"

"తింటున్నాన్రా. ముందు ఈ సంచి సంగతి చూడు."

సంచి చూసి, అవి ఏ పూలో తెలిసి, లోపలికి వెళ్ళాడు. ఒక గోతం తెచ్చాడు. అక్కడ మిరపకాయల గోతాన్ని టిక్కీ అంటారు.

"ఇదిగో, కొత్త టిక్కీ. ఒక్కసారే వాడారు. నేనే దులిపాను."

"వాసన ఉంటుందేమోరా."

"నువ్వే చూడు."

ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు. బాషా కూడా చూశాడు. పక్క కొట్టు గుమాస్తాను పిలిచి అతనికీ చూపించాడు. "శుభ్రంగా ఉందండీ, అనుమానమే లేదు" అన్నాడు అతను. రేకులన్నీ జాగ్రత్తగా అందులోకి మార్చి, మూతి కుట్టాం. ముగ్గురం ఆ వీధిలోనే నిలబడి ఉన్నామని ఎవరికీ తట్టలేదు.

రాత్రి భోజనం బాషా ఇంట్లో. అతని భార్య గోరుచిక్కుడు మాంసంలో వేసి వండింది. మా ఇంట్లో ఎప్పుడూ అలా చెయ్యలేదు. రెండోసారి వడ్డించుకున్నాను. ఆమె, "వదిన ఉంటే ఎలా చెయ్యాలో అడిగి రాసుకునేది" అంది. నిజమే. ఇతరుల వంటలన్నీ రాసుకునేది, తనవి తప్ప.

చిలకలూరిపేట, అద్దంకి

మర్నాడు బస్సులో గోతాన్ని నా సీటు పక్కన, నడవలో పెట్టుకున్నాను. ఊరు దాటగానే వెనక ఎవరో తుమ్మారు. చిలకలూరిపేట వచ్చేసరికి నలుగురు తుమ్ముతున్నారు. ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది. కండక్టర్ వచ్చాడు.

"ఏం తెచ్చారండీ గోతంలో? మిరపకాయలైతే పైన వెయ్యాలి."

"పూలండీ."

"పూలా?"

"మందార పూలు."

బస్సులో సగం మంది నవ్వారు. కండక్టర్ కూడా నవ్వి, "మీ మందారలు బాగా ఘాటుగా ఉన్నాయండీ" అని వెళ్ళిపోయాడు. గోతం బయట కొంచెం దుమ్ము ఉంటుందిలే అనుకున్నాను. తప్పును తప్పుగా చూడటానికి ప్రూఫులు దిద్దేవాడికైనా కాగితం ఉండాలేమో.

దారి పొడవునా చేలు ఖాళీగా ఉన్నాయి. పత్తికట్టె పీకి గట్ల మీద పోగులు పెట్టారు. కల్లాల్లో చివరి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చిలకలూరిపేట దాటాక పొగాకు కాల్చే బ్యారన్లు మొదలవుతాయి. కాలవ నీళ్ళ వైపు నుంచి వెళ్ళేవాడికి ఈ నేల కళ్ళకు అలవాటు కావడానికి కొంత టైము పడుతుంది. తరువాత దాని లెక్క అర్థమవుతుంది. ఇక్కడ ఏ పంటా ఊరికే రాలేదు.

అద్దంకిలో భోజనం ఇరవై రూపాయలు. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. కూర్చోగానే వడ్డించే అతను ఆకు కన్నా ముందు నీళ్ళ చెంబు పెట్టాడు. మా వైపు ఇంటికొచ్చిన వాళ్ళను కాఫీ తాగుతారా అని అడుగుతారు. ఈ వైపు పేరు కూడా అడగకముందే, నీళ్ళు తాగుతారా అంటారు. తాగేదాకా మాట మొదలుపెట్టరు. భారతి తన ఊరి గురించి గొప్పగా చెప్పుకున్నది ఈ ఒక్కటే.

దర్శి, ఆదివారం సాయంత్రం

వెంకటేశ్వర్లు ఇల్లు ఊరి చివర. పక్కనే అతని మిరప కల్లం. పందిరి అప్పటికే వేసేశాడు. మర్నాడు పొద్దున పది గంటలకు చలివేంద్రం తెరవాలి. వసారాలో ఒక అట్టపెట్టె కనబడింది. నారింజ పొడి ప్యాకెట్లు.

"ఇవెందుకు తెచ్చావు?"

"నమ్మకం లేక గాదు బావా. ఎందుకైనా మంచిదని."

నమ్మకం లేకే. నేనైనా అదే చేసేవాణ్ణి.

ముందు కొంచెం చేసి చూద్దామని గోతం మూతి విప్పి, పైన ఉన్న రేకులు రెండు గుప్పిళ్ళు తీశాను. నీళ్ళు మరిగించాను. మొదట బోరు నీళ్ళే వాడాను. రేకులు వెయ్యగానే నీళ్ళు బూడిద కలిసిన నీలం రంగుకు తిరిగాయి. వెంకటేశ్వర్లు నా ముఖం చూశాడు. నిమ్మచెక్క పిండగానే ఎర్రబడ్డాయి. ఇది నాకు తెలుసు. భారతి ఈ రంగు మార్పును చూడమని ప్రతి ఏడూ నన్ను వసారాలోంచి పిలిచేది. పటికబెల్లం కలిపి, ఐసు వేసి, మొదటి గ్లాసు వెంకటేశ్వర్లుకు ఇచ్చాను. అతను ఒక గుక్క తాగాడు. గ్లాసు దించాడు. దగ్గాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బావా, ఏం కలిపావు?"

నేను తాగాను. నోట్లో చల్లగా, పుల్లగా, తియ్యగా ఉంది. గొంతు దిగాక మంట మొదలైంది. చెవుల దాకా వచ్చింది.

గోతం సంగతి చెప్పాను. వెంకటేశ్వర్లు నెత్తి కొట్టుకున్నాడు.

"మిరపకాయల గోతంలో పూలు పోస్తారా ఎవరన్నా! వాసన తెలవలా?"

"యార్డు రోడ్డులో చూశాం."

"యార్డులో! ఇంకేం తెలుస్తది!" అని కాసేపు తిట్టాడు, నన్నూ, బాషానూ, గుంటూరునూ. తరువాత గొంతు తగ్గించి, "పోనీలే బావా. నువ్వు చెయ్యాలనుకున్నావు, అది చాలు. రేపటికి ప్యాకెట్లు కలిపిస్తా" అన్నాడు.

తిట్టినప్పుడు బాధ అనిపించలేదు. పోనీలే అన్నప్పుడు అనిపించింది. మాఘం నుంచి ఒక ముసలామె ఒక్కొక్క రేకూ ఆరబెట్టిన సంచి అది. మళ్ళీ అన్ని పూలు కావాలంటే వచ్చే ఏడే. వచ్చే ఏటికి ప్యాకెట్లు అలవాటైపోతాయి.

సోమవారం, వసారా

పొద్దున పది గంటలకు బస్టాండులో నారింజ నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. నేను వెళ్ళలేదు. వసారాలో గోతం పక్కన కూర్చున్నాను.

కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్ళు పనిలోకి వచ్చారు. వాళ్ళ మేస్త్రి మస్తాన్‌బీ. నలభై అయిదేళ్ళుంటాయి. ఈ వైపు వరస పెట్టి పిలుచుకోవడం అలవాటు. భారతిని అక్కా అనేది కాబట్టి నన్ను బావగారూ అంటుంది. సంగతి అప్పటికే ఊరంతా తెలిసినట్టుంది.

"ఏంది బావగారూ, పూలకి కూడా కారం పెట్టి తెచ్చారంట?"

"నవ్వు మస్తాన్‌బీ. నువ్వే మిగిలావు."

ఆమె నవ్వలేదు. గోతం దగ్గర కూర్చుంది. నేను గోతాన్ని చాప మీద గుమ్మరించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగండి ఆగండి! గుమ్మరించారంటే మొత్తం కలిసిపోతది. గోతానికి తగిలిన పువ్వుకి కారం అంటుద్ది. నడిమిట్లో దానికి ఎట్టా అంటుద్ది?"

ఇది నాకు తట్టలేదు. వెంకటేశ్వర్లుకూ తట్టలేదు. మిరపకాయల్లో తెల్లగా పాలిపోయిన కాయను తాలు అంటారు. ఒక తాలుకాయ మంచి బస్తా ధర దించేస్తుంది. అది ఏరడమే ఈ ఆడవాళ్ళ పని. వేల కాయల మధ్య, కళ్ళతో చూడకుండానే వాళ్ళ చెయ్యి దాన్ని పట్టుకుంటుంది.

మస్తాన్‌బీ గోతం కుట్లు నిలువునా విప్పించింది. అరటిబోదె పొరలు ఒలిచినట్టు గోతాన్ని నాలుగు వైపులా పరిచింది. రేకులు కుప్పగా నిలబడ్డాయి. ఇంకో ఇద్దరిని పిలిచింది.

"చేతులు కడిగి రండే. మజ్జిగతో కడగండి, ఊరికే నీళ్ళతో గాదు. ఆ చేతులతోనే ముట్టుకుంటే మనమే కారం పూసినోళ్ళమవుతాం."

ముగ్గురూ కూర్చుని కుప్పను పై పొర నుంచి తీస్తూ మూడు వాటాలు చేశారు. గోతానికి ఆనుకున్నవి ఒకటి. అనుమానం ఉన్నవి ఒకటి. నడిమివి ఒకటి. ప్రతి గుప్పెట్లోంచీ ఒక రేకు తీసి కింది పెదవికి ఆనించి చూసేవాళ్ళు. ఒకామె "అబ్బా!" అని దాన్ని మంట వాటాలో పడేసేది. మిగతా ఇద్దరూ నవ్వేవాళ్ళు. అనుమానం వాటాను సన్న జల్లెడలో పోసి మెల్లగా కదిపారు. ఎర్రటి దుమ్ము, రెండు మూడు గింజలు కింద పడ్డాయి. రెండు గంటలు పట్టింది. పూలలో మూడొంతులు దక్కాయి.

"అయిదు రోజులకి రావు. నాలుగు రోజులకి వస్తయ్" అంది మస్తాన్‌బీ.

ఈసారి ఉప్పటి బోరు నీళ్ళు కాకుండా, తాగడానికి తెచ్చుకునే కాలవ నీళ్ళు తెప్పించింది. ఎన్ని పూలు వెయ్యాలని నన్నడిగింది. తెలియదన్నాను.

"అక్క ఎట్టా చేసేదో చూళ్ళేదా?"

"చూశాను. కొలవలేదు."

"చూసింది చెప్పండి మరి."

కళ్ళు మూసుకుని చెప్పాను. భారతి నీళ్ళు పొంగు రాగానే దించేసేది. దించాకే రేకులు వేసేది. మూత పెట్టేది. నేను రెండు పేజీలు చదివేసరికి మూత తీసేది.

"మీరు పేజీ ఎంతసేపట్లో చదువుతారు?"

"నిదానంగా చదువుతాను."

"అయితే పది నిమిషాలు" అని తేల్చింది.

రేకుల్ని పలచటి గుడ్డలో మూటకట్టి వడకడుతూ, మూటను పిండబోయింది.

"పిండకు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "భారతి పిండేది కాదు. మూటను ఆ దూలానికి తగిలించి వదిలేసేది. పిండితే బంక దిగుతుంది. మొదటి ఏడు అలాగే పాడైంది."

మస్తాన్‌బీ మూట వదిలేసి నన్ను చూసింది.

"పుస్తకం చూసుకుంటా కూర్చుంటాడనేది అక్క. అన్నీ చూశారే!"

మూట దూలానికి తగిలించాం. కింద బిందె పెట్టి, చుక్కలు దిగేదాకా కూర్చున్నాం.

నిమ్మరసం ఎంతో ఆమే రంగు చూసి ఆపింది. పటికబెల్లం దంచి పోసింది. రుచి చూసే పని నాకు పెట్టింది. తాగాను. పులుపు ముందు, తీపి తరువాత, ఆఖర్న పువ్వు పచ్చివాసన కొంచెం. గొంతులో చివరన సన్నగా ఘాటు తగిలింది, అంతే.

"ఇదే" అన్నాను.

బస్టాండు

మధ్యాహ్నం ఒంటిగంటకు బిందెలు రిక్షాలో పెట్టుకుని వెళ్ళాం. వెంకటేశ్వర్లు పందిట్లో నారింజ నీళ్ళు పోస్తున్నాడు. ఐసు దిమ్మ ఊకలో పెట్టి గోనెపట్టా కప్పి ఉంది. బిందె మూత తీసి చూశాడు. నాకేసి, మస్తాన్‌బీకేసి మార్చి మార్చి చూసి, గ్లాసు ముంచి తాగాడు. ఈసారి దగ్గలేదు. గ్లాసు ఖాళీ చేసి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ముఖం తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

తరువాత బస్టాండు అంతా వినబడేట్టు అరిచాడు, "ఒరేయ్, ఎర్రనీళ్ళొచ్చినయ్ రండ్రోయ్!"

కురిచేడు బస్సు కోసం కూర్చున్నవాళ్ళు లేచి వచ్చారు. పత్తి విత్తనాల కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు వచ్చారు. ఒకాయన గొర్రెల్ని రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు. తాగి నోరు చప్పరించాడు.

"ఏందబ్బా, ఈ ఏడు గొంతులో కాస్త చురుక్కుమంటంది?"

"గుంటూరు మీదుగా వచ్చినయ్ గదా" అంది మస్తాన్‌బీ.

"బానే ఉంది. ఇంకో గ్లాసు పొయ్యి."

ఒక ముసలావిడ తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడింది. "పోసే అమ్మాయి ఏదీ?" అని అడిగింది. చనిపోయిందని వెంకటేశ్వర్లు చెప్పాడు. ఆవిడ గ్లాసు వంక చూసి, "మరి ఇవెవరు చేశారు?" అంది. అతను "అక్కే చేసింది అనుకో" అన్నాడు. నేను ఆ మాటను దిద్దలేదు.

సాయంత్రం దాకా బిందెలు మూడుసార్లు నిండాయి, ఖాళీ అయ్యాయి. నారింజ ప్యాకెట్ల పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. నాకు గర్వంగా ఉందని చెప్పడానికి వెనకాడను. ఒక మనిషి మూడేళ్ళు కూర్చుని కుదిర్చిన రుచిని ఎండలో నిలబడ్డ జనం పేరు పెట్టి అడగడం చిన్న సంగతి కాదు. ఆ రుచి చెడిపోబోతే చదువు లేని ఒక మనిషి చేతివేళ్ళతో ఏరి కాపాడింది. ఆ వేళ్ళ గురించి కూడా నాకు గర్వమే.

మంగళవారం

మర్నాడు తొందరగానే లేచాను. స్నానం చేసి, నీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే పొయ్యి చల్లారి ఉంది. దూలానికి మూట లేదు. పూల వాటాలో మంగళవారానికి సరిపడా తీసేసి, మిగతాది గుడ్డ కప్పి ఉంది. వెంకటేశ్వర్లు భార్యను అడిగాను.

"మస్తాన్‌బీ పొద్దున్నే వచ్చి చేసుకెళ్ళిందన్నయ్యా. మిమ్మల్ని లేపమంటే, ఎందుకులే పాపం, ఆయన చెప్పాల్సింది చెప్పేశాడుగా అంది."

మొదట కొంచెం చిన్నతనం అనిపించింది. అంత దూరం నుంచి సంచి మోసుకొచ్చినవాణ్ణి. తరువాత బస్టాండుకు నడిచాను. తొమ్మిదిన్నరకే జనం వరసలో ఉన్నారు. మస్తాన్‌బీ ఐసు కోసం వెళ్ళిందట. బిందె దగ్గర నిలబడి పోస్తున్నది ఆమె ఆడపడుచు, ముందురోజు ఊళ్ళో లేదు. నన్ను ఎరగదు. నేనూ చెప్పలేదు. వరసలో పదిహేనో మనిషిగా నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. గ్లాసు నిండా పోసింది. తాగాను. ఘాటు కూడా లేదు. పులుపు ముందు, తీపి తరువాత, ఆఖర్న పువ్వు. నిన్న నేను చెప్పి చేయించినదానికన్నా బాగుంది. భారతి మూడో వేసవిలో చేసి, వసారాలో నా ముందు పెట్టి, నేను పేజీ తిప్పేదాకా నిలబడ్డ గ్లాసు ఇదే. అప్పుడు బాగుంది అన్నాను, తల ఎత్తకుండా.

ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"బాగుందమ్మా. చాలా బాగుంది" అన్నాను.

"బానే ఉంటది, తెలుసు" అంది ఆమె, నా చేతిలో గ్లాసు లాక్కుంటూ. "తాగారుగా, పక్కకి జరగండి పెద్దాయనా. ఎనకాల జనం ఉన్నారు."

జరిగాను.